బోటుకు కొత్త ఇంజినా, పాతదానికే పనా?

ఏప్రిల్ 15 రాగానే తూర్పు తీరంలో మరబోట్లన్నీ ఒడ్డుకు చేరతాయి. జూన్ 14 వరకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన గడువు ఇది. ఒకప్పుడు 47 రోజులు ఉండేది, 2015లో 61 రోజులకు పెంచారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఈ రెండు నెలలూ వలలు కుట్టేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, చెక్కల సందుల్లో దూది కూరేవాళ్లు, ఇంజిన్ మేస్త్రీలు తప్ప ఇంకెవరికీ తీరిక లేని పని ఉండదు. బోటు యజమానులు ఏడాది పొడవునా వాయిదా వేస్తూ వచ్చిన ప్రశ్న కూడా అప్పుడే ఎదురవుతుంది. ఇంజిన్ అయిపోయింది, దానికే పని చేయించాలా, కొత్తది పెట్టించాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. విడిభాగాలు దొరికే పాత రకం డీజిల్ ఇంజిన్ అయితే, క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికను చుట్లుగా మార్చే ఇరుసు), బ్లాకు (సిలిండర్లుండే ప్రధాన భాగం) బాగుంటే, పూర్తిగా విప్పి పని చేయించడమే నయం. అరకొర పని మాత్రం డబ్బు దండగ. కొత్తది కొనేవాళ్లలో చాలామంది కొనేది ఇంజిన్ అరిగిందని కాదు, పక్క బోటు కంటే ఎక్కువ హార్స్‌పవర్ కావాలని. ఆ కోరికతోనే నాకు పేచీ.

మా అక్కవాళ్లకు ఒక సోనా బోటు ఉంది. (విశాఖలో మరబోట్ల రకాలకు పాబ్లో, పాంఫ్రెట్, రొయ్య, సొర్ర, సోనా అని ముద్దుపేర్లలాంటివి ఉన్నాయి. సోనా వాటిలో పెద్దది, రోజుల తరబడి సముద్రంలో ఉండగలది.) నేను మెకానికల్ డిప్లొమా చదివి, లేతుల మధ్య ఉద్యోగం చేసినవాణ్ని. బోటు లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. కాబట్టి ఇంజిన్ మాట వచ్చినప్పుడల్లా బావ నన్ను పిలుస్తాడు, నేను చెప్పింది వింటాడు, తరువాత తనకు తోచిందే చేస్తాడు. ఈసారి మాత్రం కొంత విన్నాడు.

అసలు "ఇంజిన్ అయిపోయింది" అని తేల్చేది ఎవరు? సాధారణంగా డ్రైవరు. లాగడం లేదు, పొగ వస్తోంది, ఆయిల్ తాగుతోంది అంటాడు. ఈ మూడూ వేరువేరు జబ్బులు కావచ్చు. నల్ల పొగ వస్తే డీజిలు పూర్తిగా మండడం లేదన్నమాట. దానికి నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిలు చిమ్మేవి) చెడి ఉండవచ్చు, గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, పంపు ఎక్కువ డీజిలు పంపుతూ ఉండవచ్చు. బోటు అడుగుకు గుల్లలు, నాచు పట్టినా ఇంజిన్ మీద భారం పెరిగి నల్ల పొగే వస్తుంది. నీలం పొగ వస్తే మండుతున్నది ఇంజిన్ ఆయిల్. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగో, వాల్వు గైడ్లు సాగో ఆయిల్ పైకి వస్తోంది. తెల్ల పొగ చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు కాసేపు వస్తే తప్పు లేదు. వేడెక్కాక కూడా ఆగకపోతే సిలిండర్‌లో గాలి నొక్కుడు, అంటే కంప్రెషన్, తగ్గిందనో, హెడ్ గాస్కెట్ దగ్గర నీరు దిగుతోందనో అనుమానించాలి. ఈ మూడింటిలో నీలం ఒక్కటే సూటిగా అరుగుదలను చూపిస్తుంది. నల్ల పొగ చూసి ఇంజిన్ మార్చేసినవాళ్లను నేను ఎరుగుదును. అడుగు గీకించి, నాజిళ్లు పరీక్ష చేయిస్తే పోయేదానికి లక్షలు పెట్టారు.

విప్పక ముందే తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి, వాటికి అయ్యే ఖర్చు కూడా తక్కువ. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలి నుంచి ఎంత ఆవిరి ఎగదన్నుతోందో కనిపిస్తుంది. రింగులు దాటి కిందికి దిగిన గాలి అది. బాగా వేడెక్కిన తరువాత, నెమ్మది మీద తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎంత పడిపోతోందో చూడాలి. పడిపోతే అనుమానించాల్సింది బేరింగులను. నాజిల్ తీసి ఆ కన్నంలో గేజి పెట్టి ఒక్కొక్క సిలిండర్ కంప్రెషన్ కొలవాలి. అన్నీ సమానంగా తగ్గితే అది వయసు. ఒకటే తగ్గితే ఆ ఒక్కదాని జబ్బు. ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు కలిసింది. ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపితే ఇనుము, రాగి, అల్యూమినియం ఎంతెంత అరిగి కలిశాయో చెబుతారు. అందులో సోడియం కనబడితే ఉప్పునీరు ఎక్కడో లోపలికి దారి చేసుకుందేమోనని అనుమానించాలి. ఈ పరీక్షలేవీ లేకుండా జెట్టీ మీద టీ తాగుతూ తీసుకునే నిర్ణయాలకు విలువ లేదు.

ఇక అరకొర పని సంగతి. హెడ్ దింపి, పిస్టన్లు పైకి లాగి, కొత్త రింగులు వేసి, వాల్వులు రుద్ది మళ్లీ బిగించేస్తారు. నాలుగు రోజుల్లో పని అయిపోతుంది, తక్కువలో తేలుతుంది, మొదటి వేటలో ఇంజిన్ చక్కగా లాగుతుంది కూడా. బోరు గోడ, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగేది అంతటా సమానంగా కాదు. పై రింగు ఆగి వెనక్కు తిరిగే చోట అరుగుదల ఎక్కువ, దానిపైన రింగు చేరని చోట అసలు ఉండదు. అక్కడ ఒక మెట్టు తయారవుతుంది. పాత రింగు ఆ మెట్టుతో పాటే అరిగింది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. పదునైన అంచుతో వచ్చిన కొత్త రింగు ఆ మెట్టుకు తగులుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. విరిగిన ముక్క గోడను చెక్కేస్తుంది. గోడ గుండ్రం పోయి కోలగా తయారైన చోట ఎంత కొత్త రింగైనా పూర్తిగా ఆనదు. చినిగిన చొక్కాకు కొత్త బొత్తాలు కుట్టించడం లాంటి పని ఇది. చేస్తే లైనర్లు (సిలిండర్ లోపలి గోడగా ఉండే గొట్టాలు), పిస్టన్లు, రింగులు, అన్ని బేరింగులు, క్రాంక్ గ్రైండింగ్, హెడ్, నాజిళ్లు, పంపు అన్నీ చేయించాలి. లేదా అసలు ముట్టుకోకుండా ఆ సీజన్ గడిపి డబ్బు కూడబెట్టుకోవాలి.

ఇంజిన్ విప్పాక నిర్ణయం క్రాంక్ షాఫ్ట్ చేతిలో ఉంటుంది. మిగతావన్నీ మార్చుకోగలిగినవే. క్రాంక్ జర్నళ్లను (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలను) మైక్రోమీటరుతో నాలుగు దిక్కులా కొలవాలి. అరిగితే గ్రైండింగ్ చేసి కొంచెం సన్నబరిచి, దానికి సరిపోయే మందపాటి బేరింగులు వేస్తారు. పుస్తకంలో 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు అని ఉంటుంది. మేస్త్రీల నోట అవే, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన, పది, ఇరవై, ముప్పై. ప్రతి ఇంజిన్‌కూ ఎంతవరకు సన్నబరచవచ్చో తయారీదారు ఒక హద్దు పెడతాడు. జర్నల్ పైపొరను గట్టిపరచి ఉంటారు కాబట్టి, ఆ పొర దాటి గ్రైండింగ్ చేస్తే లోపలి మెత్తటి లోహం బయటపడుతుంది. అది ఎన్నాళ్లో నిలవదు. ఇంకో సంగతి మన లేతుల దగ్గర తరచూ పట్టించుకోరు. జర్నల్, దాని పక్క గోడ కలిసే మూలను గుండ్రంగా వంపు తిప్పి వదలాలి. ఆ మూల పదునుగా మిగిలితే క్రాంక్ విరిగేది అక్కడి నుంచే. గ్రైండింగ్ చేయించే ముందు పగుళ్ల పరీక్ష చేయించమని నేను పట్టుబడతాను. అయస్కాంతంతో, ఇనుప రజనుతో చేసే పరీక్ష అది. కంటికి కనబడని పగులు ఆ రజనులో గీతలా తేలుతుంది. ఆ గీత కనబడిందంటే వాదన ముగిసినట్టే.

బ్లాకు తరువాత లెక్క. లైనర్లు బయటికి తీసి వాటి వెనకవైపు చూడాలి. నీరు నేరుగా తగిలే రకం లైనర్లయితే ఒక పక్కన సూదులతో పొడిచినట్టు గుంటలు కనిపిస్తాయి. పిస్టన్ కొట్టుకున్నప్పుడల్లా లైనర్ అదిరి, పక్కనున్న నీటిలో బుడగలు పుట్టి పగులుతుంటాయి. అవి తొలిచిన గుంటలివి. రేడియేటరు మందు కలపకుండా వట్టి నీళ్లు పోసి నడిపిన ఇంజిన్లలో ఈ జబ్బు ఎక్కువ. లైనరు మార్చవచ్చు. బ్లాకులో లైనరు కూర్చునే అంచు తిన్నా, నీటి దారుల్లో పగులు వచ్చినా మరమ్మతుకు నేను ఒప్పుకోను. వెల్డింగు చేసి ఇస్తామంటారు. ఇస్తారు కూడా. నడిసముద్రంలో దాని మాటకు హామీ ఎవరిది?

ఇక్కడ చాలామంది ఒక సూత్రం చెబుతారు. పని ఖర్చు కొత్త ఇంజిన్ ధరలో సగం దాటితే కొత్తదే కొనుక్కో అని. వినడానికి ఎంతో తెలివిగా ఉంటుంది. ఆ సగం దేనిలో సగమో అడిగితే దుకాణంలో చెప్పిన ధరలో అంటారు. కొత్త ఇంజిన్ దుకాణంలో ఉన్నంతసేపే ఆ ధర. బోటులో కూర్చోవాలంటే ఇంజిన్ కింది దిమ్మ మార్చాలి, కాళ్ల కొలతలు వేరుగా ఉంటాయి, గేర్ బాక్సు సరిపోదు, కప్లింగు కొత్తది, షాఫ్టు పొడవు తేడా, సైలెన్సరు గొట్టం దారి మారుతుంది, చల్లబరిచే నీళ్ల గొట్టాలు మారతాయి, చివరికి ప్రొపెల్లరూ మార్చాలి. ఇవన్నీ కలిపి వేసిన మొత్తంలో సగం ఎంతో చూస్తే, చాలాసార్లు పూర్తి పని ఖర్చు దానికి దిగువనే ఉంటుంది. ఇంజిన్, షాఫ్టు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసే పని కూడా ఒడ్డున ఒకసారి, బోటు నీళ్లలోకి దిగి రెండు రోజులు ఆగాక మరొకసారి చేయాలి. చెక్క బోటు ఒడ్డున ఒక ఆకారంలో, నీటిలో ఇంకో ఆకారంలో ఉంటుంది. ఆ రెండో కొలత ఎగ్గొట్టిన బోట్లలో కొత్త గేర్ బాక్సులు ఏడాది తిరగకుండానే మొరాయిస్తాయి. తిట్లు మాత్రం ఇంజిన్ కంపెనీకి.

హార్స్‌పవర్ పిచ్చి గురించి కాస్త ఎక్కువే మాట్లాడాలి. 1870లలో ఇంగ్లండులోని టార్కీ పట్టణంలో విలియం ఫ్రౌడ్ అనే ఇంజినీరు పొడవాటి నీటి తొట్టి కట్టి, అందులో నమూనా ఓడలను లాగి చూశాడు. నీటిని తోసుకుంటూ పోయే పడవకు తన పొడవును బట్టి ఒక వేగం దగ్గర గోడలాంటిది అడ్డం వస్తుందని ఆ తరహా పరిశోధన తేల్చింది. పడవ తాను లేపిన అలను తానే ఎక్కలేక వెనక్కు కుంగుతుంది. లెక్క సులువు. నీటిగీత దగ్గర పొడవు 36 అడుగులైతే దాని వర్గమూలం ఆరు. దాన్ని 1.34తో గుణిస్తే గంటకు సుమారు 8 నాటికల్ మైళ్లు. మన సోనా బోటు ఎంత పెద్ద ఇంజిన్ పెట్టినా ఆ దరిదాపుల్లోనే ఆగుతుంది. పైగా ఆ హద్దుకు చేరక ముందే వేగానికి కావలసిన శక్తి దాదాపు ఘనం లెక్కన పెరుగుతూ పోతుంది. తిప్పి చెబితే, వేగం పది శాతం తగ్గించుకుంటే కావలసిన శక్తి 27 శాతం తగ్గుతుంది. రేవు నుంచి వేట చోటుకు గంట ఆలస్యంగా చేరడానికి ఒప్పుకుంటే మిగిలే డీజిలు, ఏ కొత్త ఇంజిన్ మిగిల్చేదానికంటే ఎక్కువ.

వల లాగే వేగం ఎలాగూ గంటకు మూడు నాటికల్ మైళ్ల చుట్టే. అక్కడ కావలసింది నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లరు, దాన్ని తిప్పగల గేరు నిష్పత్తి. ఇంజిన్ మీద రాసిన అంకె అక్కడ పెద్దగా పలకదు. మా పక్కన లంగరు వేసే ఒక బోటులో 1800 చుట్లకు పనిచేసే పాత ఇంజిన్ తీసి, 2200 చుట్ల కొత్తది పెట్టారు. గేరు అదే, ప్రొపెల్లరు అదే. ప్రొపెల్లరు తాగే శక్తి చుట్ల ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 2200 చుట్లకు పాతదానికంటే దాదాపు 1.8 రెట్ల శక్తి కావాలి. కొత్త ఇంజిన్‌కు అంత శక్తి లేదు. చుట్లు ఎక్కక, నల్ల పొగ వదులుతూ, వేడెక్కుతూ నడిచింది. ఇంజిన్ కొత్తదే కాబట్టి తప్పు దానిదని ఎవరికీ తట్టలేదు. డ్రైవరుకు నడపడం రాదన్నారు.

లారీ ఇంజిన్లది ఇంకో దారి. ఆటోనగర్‌లో తుక్కు లారీ నుంచి దింపిన ఇంజిన్ తెచ్చి, మెరైన్ గేర్ బాక్సు తగిలించి, బోటులో కూర్చోబెడతారు. చవక. నాకు దానిమీద తేలికభావం ఏమీ లేదు, చాలా కుటుంబాలు అలాగే నిలదొక్కుకున్నాయి. కాకపోతే లారీకి ఎక్కుడు ఉంటుంది, దిగుడు ఉంటుంది, సిగ్నలు దగ్గర ఆగడం ఉంటుంది. బోటుకు దిగుడు లేదు. వల వేశాక గంటల తరబడి ఒకే భారం. అందుకే తయారీదారులు ఒకే ఇంజిన్‌కు కొద్దిసేపటి వాడకానికి ఒక హార్స్‌పవర్, ఆగకుండా నడపడానికి అంతకంటే తక్కువ హార్స్‌పవర్ రాస్తారు. తుక్కు దుకాణంలో మనకు చెప్పేది మొదటి అంకె. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల ఇంజిన్లు రేపు ఇదే దారిలో హార్బర్‌కు వస్తాయి. వాటి నిండా సెన్సర్లు, కంప్యూటర్ పెట్టెలు. ఉప్పు గాలిలో, అడుగున నీళ్లు నిలిచే ఇంజిన్ గదిలో ఒక కనెక్టరు పచ్చబడితే, రేవుకు ఎంతో దూరంలో ఉన్న కలాసీ (బోటులో పనిచేసేవాడు) చేతిలోని స్పానరు దానికి ఏం చేయగలదు? పాత మెకానికల్ పంపు ఇంజిన్‌ను నేను ఇంతగా వెనకేసుకు రావడానికి ఇదొక పెద్ద కారణం.

ఇక డబ్బు ఎవరిది అన్న ప్రశ్న. మా బోటులో వేట నుంచి వచ్చిన మొత్తంలో ముందు డీజిలు, ఐసు, రేషను ఖర్చు తీసేస్తారు. మిగిలినది యజమానికీ, డ్రైవరుకూ, కలాసీలకూ వాటాలు. ఇంజిన్ మరమ్మతు మాత్రం యజమాని నెత్తినే. 100 హార్స్‌పవర్ ఇంజిన్ నిండు భారం మీద గంటకు సుమారు 20 లీటర్లు తాగుతుంది, వేటలో సగటున 14 లీటర్లు అనుకుందాం. అరిగిన ఇంజిన్ పది శాతం ఎక్కువ తాగితే గంటకు 1.4 లీటర్లు. ఒక వేటలో 200 గంటలు తిరిగితే 280 లీటర్లు. లీటరు 96 రూపాయలు అనుకుంటే ఇంచుమించు 27 వేలు. 2019లో ప్రభుత్వం సబ్సిడీని లీటరుకు 9 రూపాయలకు పెంచినా, అది మరబోటుకు నెలకు 3000 లీటర్ల వరకే అన్నారు. ఎక్కువ తాగే ఇంజిన్ ఆ హద్దును త్వరగా దాటేస్తుంది. ఈ 27 వేలలో కలాసీల వాటా కూడా కరిగిపోతోంది, అందుకే యజమానికి నొప్పి పూర్తిగా తెలియదు. పని చేయించే ఖర్చు మొత్తం తనదే కాబట్టి వాయిదా వేస్తాడు. డ్రైవరుకు కొత్త ఇంజిన్ కావాలి, దాని ధర తనది కాదు కాబట్టి. ఇద్దరి మాటా సొంత జేబు వైపే మొగ్గుతుంది. నేను బావతో ఈ మాట అంటే, "కలాసీల తరఫున వకాల్తా తీసుకున్నావా?" అన్నాడు. తీసుకున్నాననే అన్నాను. మంచి కలాసీలు వాటా పెరిగే బోటుకే వెళతారు, డీజిలు తాగే బోటును వదిలేస్తారు. ఆ నష్టం లెక్కల పుస్తకంలో ఏ గడిలోనూ రాయలేం.

కొత్తదే సరైన చోట్లూ ఉన్నాయి. క్రాంక్ చివరి సైజు దాటినప్పుడు, బ్లాకు పగిలినప్పుడు, విడిభాగాలు నకిలీవి తప్ప అసలువి దొరకనప్పుడు కొత్తదే పెట్టాలి. ఇంకొకటి, బోటు కొత్తదై ఇంజిన్ మాత్రం పాతబడ్డప్పుడు. దీనికి తలకిందులైన సందర్భంలో మనవాళ్లు ఎక్కువ పొరపడతారు. చెక్క మెత్తబడి, మేకులు తుప్పుపట్టి, మరో నాలుగేళ్లు కూడా నిలవని బోటులో కొత్త ఇంజిన్ పెడతారు. తరువాత ఆ ఇంజిన్‌ను వేరే బోటులోకి మార్చుకోవచ్చంటారు. మార్చుకోవచ్చు, పైన చెప్పిన దిమ్మ, కప్లింగు, షాఫ్టు ఖర్చులన్నీ రెండోసారి పెట్టుకోగలిగితే.

వీటన్నిటికంటే ముందుగా నిర్ణయాన్ని పాడు చేసేది కాలం. నిషేధం మొదలయ్యాక బోటును ఒడ్డుకు చేర్చి, అప్పుడు ఇంజిన్ విప్పి, అప్పుడు క్రాంక్‌ను గ్రైండింగ్‌కు పంపితే మే నెలలో లేతు దగ్గర వరస ఉంటుంది. తీరమంతటికీ అదే సెలవు మరి. జూన్ మొదటి వారం వచ్చేసరికి మేస్త్రీ చేతులెత్తేస్తాడు, యజమాని కంగారుగా చేతికి దొరికిన ఇంజిన్ కొంటాడు. నిషేధం ముగిసిన వెంటనే దొరికే రొయ్యల సీజన్ పోతుందన్న భయం అలాంటిది. కంప్రెషన్, ఆయిల్ పరీక్షలు మార్చిలోనే చేయించుకుని, కావలసిన లైనర్లకు, బేరింగులకు అప్పుడే చెప్పి ఉంచితే, 61 రోజులు చాలినంత సమయం.

ఈసారి బావను ఒప్పించగలిగింది ఈ ఒక్క విషయంలోనే. పరీక్షలు మార్చిలో అయ్యాయి, ఏప్రిల్ మూడో వారంలో ఇంజిన్ బయటికి వచ్చింది. బ్లాకు బాగుంది, క్రాంక్‌లో పగుళ్లు లేవు, ఇరవై సైజుకు గ్రైండింగ్ చేయించాం, లైనర్ల నుంచి నాజిళ్ల వరకు అన్నీ మార్చాం. ప్రొపెల్లరును కూడా కొలిపించి రెక్కల వంపు సరిచేయించాం. పక్క బోటువాళ్లు 40 హార్స్‌పవర్ ఎక్కువున్న కొత్త ఇంజిన్ తెచ్చుకున్నారని బావ ఇప్పటికీ గొణుగుతుంటాడు. క్రాంక్‌కు ఇంకొక్కసారి, ముప్పై సైజుకు మాత్రమే చోటుంది. ఆ తరువాత కొత్త ఇంజినే, అందులో నాకు సందేహం లేదు. దానికోసం ప్రతి వేటకూ కొంత పక్కన పెడదామని పుస్తకంలో కొత్త పేజీ తెరిచాను. ముందు వలల అప్పు తీరనీ అంటున్నాడు బావ.